దెయ్యాల కథలు రాసే సారు

నేను దెయ్యాల కథలు రాస్తాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఇప్పటికీ ఇక్కడ నా పేరు రాయడం లేదు కాబట్టి మహా ధైర్యం చేశానని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆదిలాబాద్‌లో ఒక సర్కారు బడిలో సోషల్ టీచర్ని. ఆదివారం పొద్దున మా మెథడిస్టు చర్చిలో సండే స్కూలు పిల్లలకు దావీదు కథ చెప్తాను. మిగతా రోజుల్లో, ఫోన్‌లో కథలు వినిపించే ఒక యాప్ కోసం, ఒక మగవాడి పేరు పెట్టుకుని, ఆడదెయ్యాల చేత మగవాళ్ల మెడలు విరిపిస్తుంటాను.

మగపేరు ఎందుకంటారా? మొదటి కథ ఆడపేరుతోనే ఇచ్చాను. "భయం వేయలేదు అక్కా, పాపం అనిపించింది" అని ఒకరు, "మేడం గారూ, మీరు ఫ్యామిలీ కథలు ట్రై చేయండి" అని ఒకరు రాశారు. నెల తర్వాత అదే కథ, ఒక్క అక్షరం మార్చకుండా, మగపేరుతో పెట్టాను. "ఒళ్లు జలదరించింది సార్" అన్నారు. ఒకప్పుడు వారపత్రికల్లో ఆడవాళ్ల నవలలే ఎక్కువ ఆడుతున్నాయని కొందరు మగవాళ్లు మీసాలు దాచుకుని ఆడపేర్లతో రాసేవారట. నేను మీసం తెచ్చి పెట్టుకున్నాను, అంతే తేడా.

రచయిత పరిచయంలో "ఏకాంతప్రియుడు, అడవి అంచున నివాసం" అని రాసుకున్నాను. అడవి అంచు అంటే మా కాలనీ చివరి లైను, దాని తర్వాత పత్తి చేన్లు. ఏకాంతం అంటే కుక్కర్ మూడో కూత వేసేలోపు దొరికేది. బడిలో ఇంటర్వెల్లో ఫోన్ పట్టుకుని టకటకా కొడుతుంటే, మధ్యాహ్న భోజనం హాజరు పంపుతున్నానని అందరూ అనుకునేవారు. ఆ టైములో నేను ఎవర్ని బావిలోకి తోస్తున్నానో వాళ్లకేం తెలుసు.

మా ఆయనకొక్కడికే తెలుసు. ఆయన చర్చి కమిటీలో ఉన్నాడు. నా కథలు చదవడు, భయపడతాడు. దెయ్యాలకు కాదు, పాస్టరు గారికి. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "మీ ఏకాంతప్రియుడు ఇయ్యాల ఎవలను సంపిండు?" అని అడిగేవాడు. అంతకుమించి మా ఇంట్లో సాహిత్య చర్చ లేదు.

అయితే ఇంత దాపరికం పాస్టరు గారి కోసం కాదు, మా అవ్వ కోసం, అంటే మా అమ్మ కోసం. అవ్వ ముప్పై ఏళ్లు బైబిల్ ఉమన్‌గా పనిచేసింది. పాస్టరు అడుగు పెట్టలేని వాకిళ్లలోకి పోయి, బియ్యం చెరిగే ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వచ్చే పని అది. కరీంనగర్ నుంచి మంథని దాకా ఆమె తిరగని ఊరు లేదు. వాక్యం చెప్పడానికి పోయి, అక్కడివాళ్లు చెప్పిన దెయ్యాల ముచ్చట్లన్నీ మూటగట్టుకొచ్చేది. ఆ మూట మా ముందు విప్పేది. పదో తరగతిలో వాటిలో ఒకదాన్ని నేను కథగా లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుంటే, అవ్వ దాన్ని పొయ్యిలో పెట్టింది. "నోటితోని చెప్తే గాలికి పోతది. రాస్తే ఉంటది. రేపు దేవుడడిగితే ఏం చెప్తవ్?" అంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం కన్నా పేరు మార్చుకోవడమే తేలికనిపించింది.

పోయిన వానాకాలం అవ్వ కంటి ఆపరేషన్ చేయించుకుని, కరీంనగర్‌లో తమ్ముడి ఇంటి నుంచి మా దగ్గరికి కొన్నాళ్లు ఉండటానికి వచ్చింది. అక్షరాలు ఇంకా అలుక్కుపోతున్నాయని తమ్ముడు ఆమె ఫోన్‌లో బైబిల్ చదివి వినిపించే యాప్ వేసిచ్చాడు. వేలు ఎక్కడ జారిందో ఏమో, ఆదికాండం పూర్తికాకముందే అవ్వ నా యాప్‌లోకి వచ్చి పడింది. చెవిలో తీగ పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంటే, చూడ్డానికి వచ్చిన చర్చివాళ్లు ఎంత భక్తి అనుకుని చప్పుడు చేయకుండా వెళ్లిపోయేవారు.

"ఏం ఇంటున్నవ్ అవ్వా?" అని ఒకరోజు అడిగాను.

"దెయ్యం ముచ్చట."

"పాపం గాదా?"

"ఇంటే పాపమేంది? నమ్మితే పాపం." ఆ తర్వాత తీగ తీసి, నేను పెట్టుకున్న ఆ మగపేరు చెప్పి, "ఈయనెవలో గని మస్తు రాస్తుండు బిడ్డా. పత్తి మిల్లుల సచ్చిపోయినామె ముచ్చట. గా బావికాడిది మా మంథని దిక్కు జరిగిందే. ఈయన గక్కడ గూడ తిరిగిండో ఏమో" అంది.

వంటింట్లోకి పోయి సింకు ముందు నిలబడి నవ్వుకున్నాను. ఆరేళ్లలో వచ్చిన మెచ్చుకోళ్లన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అప్పుడే చెప్పేస్తే అయిపోయేది. కానీ ఆశకు హద్దుండాలి కదా, నాకు లేకపోయింది. ఇంకొన్నాళ్లు మెచ్చుకోనీ, భాగాలుగా వస్తున్న ఆ పత్తి మిల్లు సీరియల్ ఆఖరి భాగం ఆమెకు నేనే చదివి వినిపించి, అప్పుడు చెబుతాను అనుకున్నాను. ఆ రోజు అవ్వ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ రెండు భాగాలు చాలా బాగా రాశాను.

ఈలోగా సీరియల్ మా స్టాఫ్ రూములోకి కూడా వచ్చింది. జిన్నింగ్ మిల్లు, పత్తి కుప్పలు, మరాఠీలో తిట్టుకునే హమాలీలు. లెక్కల సారు పరిశోధన చేసి తేల్చాడు. "ఈయన మన ఆదిలాబాదాయనే. బయటోళ్లకు గీ తిట్లు ఎట్ల ఎరుక?" అంటూ నావైపు తిరిగి, "మేడం ఎప్పుడు సూసినా ఫోన్ల ఏదో కొడుతనే ఉంటది, ఈమెనేనా ఏంది?" అని నవ్వాడు.

ఊరికే అన్న మాటే. కానీ దొంగకు ఊరికే అన్న మాటలు ఉండవు. ఎదురుగా తెలుగు సారు టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. "నాకెక్కడిది సార్ గంత తెలివి?" అన్నాను. "గంత మంచి తెలుగు మన తెలుగు సారుకే వస్తది."

అందరూ ఆయనవైపు తిరిగారు. తెలుగు సారు జిల్లాలో సన్మాన పత్రాలు రాయడంలో పేరున్నవాడు. ఆయన రాసిన పత్రం చదివి వినిపించాక, రిటైరయ్యే ఏ అటెండరైనా తానింత మహానుభావుడినని తెలియకుండా ఇన్నాళ్లు బతికినందుకు సిగ్గుపడాల్సిందే. ఆయన అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. డబ్బాలోని వంకాయ కూర వైపు చూస్తూ, మెల్లగా, ఎంతో వినయంగా నవ్వాడు.

ఆ నవ్వుతో ఆయన మూడు నెలలు లాగాడు. ఒక్క అబద్ధం ఆడలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. తర్వాతి భాగం ఎప్పుడని అడిగితే "కాలం చెప్తది" అనేవాడు. దెయ్యాన్ని చూశారా అంటే "సూడాల్సినోళ్లు సూస్తరు" అనేవాడు. నల్ల కుర్తా కుట్టించుకున్నాడు. ప్రేయర్ అయ్యాక గ్రౌండులో ఒక్కడే చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాడు. నేను పరిచయంలో రాసిన ఏకాంతప్రియుడికి కాళ్లూ చేతులూ వచ్చి నా కళ్లముందే నడుస్తున్నాడు. నాకు తేరగా ముసుగు దొరికిందని నేను కూడా సంబరపడ్డాను.

గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. అంత పెద్ద రచయితను బడిలో పెట్టుకుని సన్మానం చేయకపోతే బాగుండదని హెడ్మాస్టరు అన్నారు. సన్మానమంటే శాలువా, జ్ఞాపిక, సన్మాన పత్రం. జిల్లాలో ఎవరికైనా పత్రం రాసేది తెలుగు సారే. తన పత్రం తానే రాసుకోవడానికి మొదటిసారి మొహమాటపడ్డాడు. నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"నా గురించి నేనే రాసుకుంటే మంచిగుండదు మేడం. మీరు జర కథలు ఇంటరు గదా, మీరు రాయుండ్రి."

రాయనని అనొచ్చు. ఎందుకు రాయరు అని అడిగితే ఏం చెప్పాలి? రాశాను. పైగా చాలా నిజాయితీగా రాశాను. నా కథల్ని నేను అంత మనస్ఫూర్తిగా పొగుడుకునే అవకాశం మళ్లీ రాదు. "మట్టి మనుషుల గోసను దెయ్యం నోట పలికించిన కలం" అన్న వాక్యం దగ్గర నాకే కళ్లు చెమర్చాయి. ఆ పత్రాన్ని ఫ్రేము కట్టించి, వేదిక మీద మైకు ముందు నేనే చదివాను. శాలువా కప్పుతుంటే తెలుగు సారు తల వంచాడు. "నేనెవలో ముఖ్యం కాదు, కథ ముఖ్యం" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను. లోపల కుళ్లిపోయాను, ఆ మాట దాచి లాభం లేదు.

ముందు వరసలో మా అవ్వ కూర్చుంది. ఆ రాసే మనిషికి మా బడిలోనే సన్మానమని తెలిసి, ఆయన్ని ఒక్కసారి చూడాలని పట్టుబట్టి, తెల్లచీర కట్టుకుని వచ్చింది. సభ అయ్యాక నా భుజం పట్టుకుని ఆయన దగ్గరికి నడిచింది. ఆయన కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు తడిమి చూసింది.

"దేవుడు దీవించిన చెయ్యి సారూ ఇది" అంది. "గా పత్తి కుప్పలున్నామె బిడ్డ కోసమే వస్తుంది గదా? ఆఖరికి బిడ్డ దొర్కుతదా?"

తెలుగు సారుకు ఆ బిడ్డ సంగతే తెలియదు. ఒక్క క్షణం నావైపు చూశాడు. నేను శాలువా అంచు చూస్తున్నాను. "మీ మనసు ఏం చెప్తుందో గదే నిజం అవ్వా" అన్నాడు. మా అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. అవి నా పేరు మీద రావాల్సిన నీళ్లు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత అంది, "గసొంటి మనిషి పక్కన రోజు కూసుంటవ్ గదా. జర నేర్సుకొని నువ్వు గూడ ఏదన్న రాయరాదు? సండే స్కూలు పిల్లలకు పాటలన్న."

"నేను చిన్నప్పుడు రాస్తే పొయ్యిల పెట్టినవ్ గదా అవ్వా."

"పెట్టిన. మంచిగ లేకుండె గది."

ఇరవై తొమ్మిదేళ్లు నేను దాన్ని పాపమనుకున్నాను.

మర్నాడు బడికి సెలవు. ఆఖరి భాగం దాకా ఆగడం ఇక నావల్ల కాలేదు. పొద్దున చాయ్ ఇచ్చి అవ్వ ఎదురుగా కూర్చున్నాను. "అవ్వా, ఆ కథలు రాసేది సారు గాదు. నేను."

అవ్వ చాయ్‌లో ముంచిన బన్ను తినడం పూర్తిచేసి, "ఏ కథలు?" అంది.

చెప్పాను. మగపేరు ఎందుకో, స్టాఫ్ రూములో ఏమైందో, అంతా చెప్పాను. ఫోన్‌లో నా ఖాతా తెరిచి చూపించాను. ఆపరేషన్ అయిన కంటికి అది తెల్లటి వెలుగులా కనిపించిందట. మా ఆయన పక్క గదిలోంచి వచ్చి, "నిజమే అత్తమ్మా, ఈమెనే రాస్తది" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నా రచన గురించి గట్టిగా మాట్లాడింది అదొక్కసారే.

"నువ్వు నా బిడ్డ మాటకు ఎన్నడు ఎదురు చెప్పినవ్ అల్లుడా?" అంది అవ్వ.

ఇక ఒకటే దారి మిగిలింది. ఎక్కడా ఇంకా రాని తర్వాతి భాగం నా ఫోన్‌లో ఉంది. తీసి చదివాను. పత్తి కుప్పలోంచి లేచిన తల్లి, పెరిగి పెద్దదై అదే మిల్లులో పనికొచ్చిన తన కూతుర్ని చూస్తుంది. కూతురికి మాత్రం తల్లి కనబడదు. అవ్వ కళ్లు మూసుకుని, కదలకుండా విన్నది.

"మంచిగున్నది" అంది. "ఇది ఇంక రాలే గదా. సారు నీకు ముందుగాలనే ఇచ్చిండా?"

నేనేమీ అనకముందే నా చెయ్యి పట్టుకుని, తలమీద కొంగు వేసుకుని, ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, నా బిడ్డ మంచిది. దానికి ఎన్నడు లేని గీ బుద్ధి ఎట్ల వచ్చిందో నాకు సమజైతలే. ఒకల కష్టం నాదని చెప్పుకునే ఆశ దాని మనసులకెళ్లి తీసెయ్యి. ఆ సారుకు నిండు ఆయుష్షు ఇయ్యి." తెలుగు సారు గురించి నేను అనాలనుకున్న మాటలన్నీ అవ్వ నా గురించి దేవుడికి చెప్పేసింది. మా ఇళ్లల్లో ప్రార్థన అయ్యాక ఆమెన్ అనకుండా ఉండటం కుదరదు. అన్నాను.

అవ్వ కొంగు సర్దుకుంది. కోపం లేదు, క్షమించేసింది. "ఇగ మళ్లొకసారి సదువు బిడ్డా, బిడ్డను సూసేది" అంది.

చదివాను. తల్లి చెయ్యి చాచే చోట నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ దగ్గరికి జరిగి నా వీపు నిమిరింది.

"ఏడువకు బిడ్డా" అంది. "సారు రాత గట్లనే ఉంటది."