మా ముత్తాత పేరు

గల్ఫ్‌లో, షువైఖ్ గ్యారేజీలో నాతో పనిచేసే రాజుది యానాం. మేమిద్దరం ఒకే గదిలో ఉంటాం. ఫ్రెంచివాళ్ల హయాంలో వాళ్ల పెద్దాయన ఒకడు లూయీ అన్నది ఇంటిపేరుగా తీసుకున్నాడట. అప్పటినుంచి అది ప్రతి కొడుకు పేరు చివరా వస్తోంది. పుట్టిన ప్రతివాణ్ణీ ఫ్రెంచివాళ్లు రాసిపెట్టడంతో, ఇవాళ వాడికి ఆరు తరాల పేర్లు దొరికాయి. భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాడు.

"మీ ముత్తాత పేరేంట్రా?" అన్నాడు నాతో.

నాకు తెలియదు. మా ఊరు యానానికి కూతవేటు దూరమే గానీ, ఇంగ్లీషువాళ్ల వైపు. మావాళ్ల సంగతి ఎవరూ రాసిపెట్టలేదు. అసూయ కాదంటే అబద్ధం.

డ్యూటీ అయ్యాక అమ్మకి ఫోన్ చేసి అడిగాను.

"తెలుసు గానీ, అత్తింటి పెద్దల పేరు నోటితో ఎలా అంటాన్రా?"

"పోనీ గుర్తు చెప్పు."

"శనివారం దేవుడి పేరు."

"వెంకన్నా, వెంకటేశా, వెంకటస్వామా?"

"ఆ మూడిట్లో ఒకటి. ఇంక అడక్కు."

గదికొచ్చి రాజుతో వెంకటస్వామి అని ధైర్యంగా చెప్పేశాను. తప్పని దిద్దడానికి మా వైపు ఫ్రెంచివాళ్లు రాలేదు కదా. మీ అమ్మలైనా పేరు చెబుతారా, లేక గుర్తులతోనే సరిపెడతారా?