మడత అంచున రాసిన మాట

మా చిన్నప్పుడు దుబాయ్ ఉత్తరాలు నీలం కాగితం మీద రాసేవాళ్లం... ఒక్కటే కాగితం. రాశాక మడతలు పెట్టి అంచులు అంటిస్తే అదే కవరు.

మా గోదావరి ఊళ్లో, మా వీధికంతటికీ ఆ ఉత్తరాలు నేనే రాసేదాన్ని. అప్పుడు ఏడో తరగతి. దస్తూరి గుండ్రంగా ఉంటుందని పేరు.

పక్కింటి సువార్తమ్మత్త వాళ్లాయన, ఏసేపు మావయ్య, దుబాయ్‌లో తాపీపని చేసేవాడు. ఆ ఏడు ఆయన తల్లి మంచం పట్టింది. వీధి పిల్లలందరికీ ఆవిడ మామ్మే. కొడుకుని ఒక్కసారి చూడాలంది. అది రాయడానికే నన్ను పిలిచారు.

పీట ఒళ్లో పెట్టుకుని దాని మీద కాగితం పరిచాను...

"ముందు మన క్షేమం రాయవే. తర్వాత అందరి వందనాలు. మా పెద్దాడపడుచుని మర్చిపోకు, పేరు లేదంటే ఆర్నెల్లు మూతి ముడుచుకుంటుంది" అంది అత్త.

"నా సంగతి రాసిందా?" మంచం మీంచి మామ్మ.

"రాస్తుందిలే అత్తయ్యా, ఆఖర్న. ముందే ఆ కబురు పెడితే మీ అబ్బాయి అన్నం ముట్టడు."

అందరి వందనాలూ అయ్యేసరికి కాగితం అయిపోయింది. జిగురు రాసే అంచు ఒక్కటే మిగిలింది. అక్కడ చీమల్లా రాశాను... 'అమ్మకి బాగోలేదు. ఒక్కసారి వచ్చి చూసి వెళ్లండి.' ఊడిపోకూడదని నేనే రెండు అన్నం మెతుకులు మెదిపి గట్టిగా అంటించాను.

నెలకి జవాబు వచ్చింది. అందరి క్షేమం తెలిసి సంతోషించాడట.

"వస్తున్నాడా?" అంది మామ్మ.

మళ్లీ రాశాం. అది చేరేలోపే మామ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

మావయ్య వచ్చాక ఆ మొదటి ఉత్తరం పెట్టెలోంచి తీసి చూపించాడు. విప్పినప్పుడు నేను రాసిన ఆ అంచు చిరిగిపోయింది. ఎండిన మెతుకు ఇంకా అతుక్కునే ఉంది.

"నీ రాత ముత్యాల్లా ఉందమ్మా" అన్నాడు. అంతే.

అప్పట్నుంచి ఎవరికి రాసినా ముందు అడిగేదాన్ని... అసలు సంగతేంటి? అది మొదటి వరసలో పెట్టి, వందనాలు తర్వాత. అవతలివాళ్లు ఉత్తరం ఎలా విప్పుతారో మనకి తెలియదు కదా.

ఇప్పుడు నేనూ ఆ దుబాయ్ వైపే, అల్ ఐన్‌ అనే ఊళ్లో ఓ ఇంట్లో వంట చేస్తున్నాను... పన్నెండేళ్లు. ప్రార్థన కూడికకి వచ్చే మనవాళ్లు తమ మేడమ్‌లకి వాట్సాప్ మెసేజులు నాచేతే రాయించుకుంటారు.

"ముందు ఆవిణ్ణి కాస్త పొగుడక్కా" అంటుంది రూతు.

"పొగడ్త తర్వాత. మెసేజ్ తెరవకముందు కనిపించేవి రెండు లైన్లే. సెలవు మాట ముందుండాలి" అంటాను. రూతుకి సెలవు దొరికింది కూడా.

మొన్న ఖర్జూరాలు కోసే రోజుల్లో మా పెద్దక్కని ఆసుపత్రిలో చేర్చారు. నన్ను చూడాలంది. ఈసారి సెలవు నాకు కావాలి. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో రాయడానికి కూర్చున్నాను... మేడమ్, మీరు నా తల్లిలాంటివారు, మీ పిల్లల్ని దేవుడు చల్లగా చూడాలి, మీ ఇంటికోసం రోజూ ప్రార్థన చేస్తాను... చెయ్యి అలాగే నడిచింది. అక్క సంగతి ఆఖరి లైనులో ఉంది.

మేడమ్ ఒక గులాబీ పువ్వు బొమ్మ పెట్టి, 'ఆమీన్' అని పంపింది.

నేను మళ్లీ అడగలేదు. రేపు అడుగుదాం అనుకున్నాను... అలా నాలుగు రోజులు. ఐదోరోజు ఊరినుంచి ఫోన్ వచ్చింది.

మేడమ్ ఏడ్చింది, పాపం. "ముందే ఎందుకు చెప్పలేదు?" అంది. నేను వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగాను. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆ నీలం కాగితాలు ఇప్పుడు లేవు. మెతుకులు మెదిపే పనీ లేదు. ఈ పోస్టు కూడా చూడండి... అక్క మాట ఆఖర్నే వచ్చింది.

మీ ఇళ్లలో ఉత్తరాలు ఎవరు రాసేవారో చెప్పండి... క్షేమాలు తర్వాత. అసలు సంగతి మొదట్లో రాయండి, నేను చదువుతాను.