బావిలో విడిచిన చెప్పులు

అప్పట్లో మాకు ఈతంటే వ్యవసాయ బావే. నడుముకు బెండు కట్టి ఎవరో ఒకరు వెనక నుంచి తోసేసేవారు. కడుపు నిండా నీళ్లు తాగి ఒడ్డుకు చేరినవాడికి ఈత వచ్చినట్టు లెక్క. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతున్న ఆ ఎండాకాలంలో, రఘునాథపల్లిలో నాకు మించిన ఈతగాడు లేడని గట్టిగా నమ్మేవాణ్ని (ఆ నమ్మకం నా ఒక్కడిదేనని తరువాత తెలిసింది). సరిగ్గా అప్పుడే మా బావ, అంటే అక్క భర్త, రెండు పెద్ద సంచులతో ఇంట్లో దిగాడు. అండమాన్‌లో టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకుపోయి చేపలను చూపించడం ఆయన ఉద్యోగం. హైదరాబాద్‌లో బాగుచేయించిన సామానుతో తిరిగి పోతూ, కాన్పుకు మా ఇంటికి వచ్చిన అక్కను చూసిపోదామని ఆగాడు.

సంచులు విప్పితే గాలి సిలిండరు, నోట్లో పెట్టుకునే గొట్టం, ముఖానికి అద్దం, బాతు కాళ్లలాంటి పొడుగాటి రబ్బరు తొడుగులు బయటపడ్డాయి. ఇక నాకు అన్నం సహించలేదు. "బావా, ఒక్కసారి మన బాయిల దిగుత" అని వెంటపడ్డాను. "వద్దు బామ్మర్ది. సామాను మా సేటుది. ఒక్కటి తక్కువైనా పనిలకెళ్లి తీసేస్తనన్నడు. మీ అక్క కాన్పు ముంగట పెట్టుకొని నాకు గీ పరేషాన్ ఎందుకు?" అన్నాడు. నేను పోయి అక్కతో చెప్పించాను. సముద్రంలో సొరచేపలను చూసి బెదరని మనిషి, మా అక్క ఒక్క చూపు చూస్తే సంచి ఎత్తుకుని బావి దారి పట్టాడు.

గట్టు మీద నన్ను పెళ్లికొడుకులా ముస్తాబు చేసి, చివరికి ఆ రబ్బరు తొడుగులు కాళ్లకు ఎక్కిస్తూ, "గివి చెప్పులనుకో. ఇవి లేకుంటే నీళ్లల్ల ముంగటికి పోవుడు కష్టం" అన్నాడు. వేపచెట్టు కింద కూర్చున్న మా అవ్వ (నాయినమ్మను అట్లాగే పిలిచేవాళ్లం) ఆ మాట విన్నది. ఆమె ఏనాడూ చెప్పులతో బావి మెట్టు తొక్కలేదు. గట్టు మీదే విడిచి, ముందు నీళ్లు కళ్లకద్దుకుని అప్పుడు దిగేది. "ఏందిరా, గంగమ్మ తల్లి మీదికి చెప్పులతోని పోతవా?" అని గద్దించింది. "అవ్వా, అవి చెప్పులు కావు" అని బావ సర్దబోయాడు. "నువ్వే గదా అయ్యా ఇప్పుడు చెప్పులంటివి" అన్నది అవ్వ. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

నీళ్లు తల మీదికి వచ్చాక పైలోకం మాటలు ఆగిపోయాయి. పచ్చటి వెలుగు, నా ఊపిరి చప్పుడు, అంతే. ఆనందపడాల్సింది పోయి నాకు భయం పట్టుకుంది. రిజల్టు ఇంకా రాలేదు, లెక్కల పేపరు ఎట్లా రాశానో నాకే తెలుసు. ఆ పరిస్థితిలో గంగమ్మతో పేచీ పెట్టుకోవడం తెలివైన పని కాదనిపించింది. నీళ్లలో అటూ ఇటూ తిరిగి, కాలికి తగిలిన ఒక మునిగిన మెట్టు మీద కూర్చుని రెండు తొడుగులూ విప్పాను. మళ్లీ వచ్చేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా జతగా పక్కపక్కన పెట్టి, ఒక దండం పెట్టుకుని వట్టి కాళ్లతో కిందికి దిగాను. అడుగున కాలు పడగానే బురద లేచి నీళ్లన్నీ చాయ్ రంగు తిరిగాయి. నా చేయి నాకే కనిపించలేదు. దొరికిన మోటారు పైపు పట్టుకుని పైకి వచ్చిపడ్డాను.

బావ ముందుగా నా కాళ్లే చూశాడు. "చెప్పులేవి?"

"విడిచిన బావా. మెట్టు మీద."

"ఏ మెట్టు మీదరా?"

మా బావికి రెండు వైపులా మెట్లున్నాయి. పైకి వచ్చింది పైపు పట్టుకునే కాబట్టి నేను మోటారు వైపు చూపించాను. బావ అటు మునిగాడు, చేతులతో బురద దేవాడు, పగిలిన బకెట్ ఒకటి తెచ్చాడు. తరువాత బావిలో పడ్డ చేదలు తీసే పాతాళగరిగె తెచ్చి, ఆ కొక్కేలతో అడుగంతా గాలించాడు. ఏమీ దొరకలేదు. తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. "సేటుకు ఏమని చెప్పాలె? మా బామ్మర్దికి భక్తి జర ఎక్కువని చెప్పాల్నా?" అన్నాడు. నిండు నెలల కడుపుతో నడుచుకుంటూ వచ్చిన అక్క కళ్లు తుడుచుకుంది. దాంతో నాకూ ఏడుపొచ్చింది, మీసాలు వస్తున్న వయసని కూడా చూసుకోకుండా ఏడ్చాను.

చివరికి నాయిన పోయి మోటారు వేశాడు. నీళ్లు పశువుల జొన్నలోకి పారుతుంటే దారిన పోయేవాళ్లంతా ఆగారు. "బాయిల ఏం పడ్డదే?" అంటే "చెప్పులు" అని మా అవ్వ చెబుతోంది. "చెప్పుల కోసం బాయి తోడుతున్నరా?" అని ఒకాయన సైకిల్ స్టాండు వేసి మరీ కూర్చున్నాడు. అందరం మోటారు వైపే చూస్తున్నాం. జొన్న మోకాలి లోతు మునిగింది, బావి సగం ఖాళీ అయింది. అప్పుడు ఎదుటి ఒడ్డు నుంచి అవ్వ, "ఒరేయ్, గవేందిరా?" అన్నది.

మోటారుకు ఎదురు వైపు మెట్ల మీద, ఎప్పుడో తేలిన మెట్టు మీద, తొడుగులు రెండూ నేను పెట్టినట్టే జతగా ఉన్నాయి. ఎవరో చుట్టం లోపలికి పోయి మంచినీళ్లు తాగుతున్నట్టు. "పద్ధతిగ విడిసినోని చెప్పులు ఏడికి పోతయిరా, గంగమ్మ ముట్టనన్న ముట్టలే" అన్నది అవ్వ. బావ వాటిని గుండెకు హత్తుకుని నవ్వుతూనే ఉన్నాడు. అక్క కూడా నవ్వింది. అప్పుడు గాని నా ప్రాణం కుదుటపడలేదు.

మొన్నీమధ్య అండమాన్ పోయాను. నాకు పొట్ట వచ్చింది, బావకు జుట్టు పోయింది, అవ్వ లేదు. పడవ అంచున కూర్చోబెట్టి, ఇప్పుడు తన సొంతమైన తొడుగులు నా కాళ్లకు ఎక్కిస్తూ, "బామ్మర్ది, గిది సముద్రం. మోటారు పెట్టి తోడనీకి రాదు" అన్నాడు బావ. నవ్వాను గాని, దూకే ముందు నా చేయి దానంతటదే మడమ దగ్గరికి పోయింది. లెక్కల పేపరుకు భయపడ్డ ఆ పిల్లగాడు ఇంకా నాలోనే ఉన్నాడని ముచ్చటేసింది. వంగి దోసెడు ఉప్పునీళ్లు కళ్లకద్దుకున్నాను. "ఈ ఒక్కసారికి ఉండనియ్యే అవ్వా" అనుకుని దూకాను.