ఖాలా బావిలో తాబేలు

పొద్దున్నే తొట్టి కడగడం ఇక నా వల్ల కావడం లేదు. నడుం వంచితే మళ్లీ లేవడానికి గోడ పట్టుకోవాలి. మల్కాజ్‌గిరిలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు దేవుడి గది కంటే ముందు పెరట్లో సిమెంటు తొట్టి కట్టించానని మా ఆయన బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉన్నాడు. ఆ తొట్టిలోకి ఎన్ని తాబేళ్లు వచ్చాయో, ఎన్ని పోయాయో. బోయిన్‌పల్లి మార్కెట్టు నుంచి ఏరుకొచ్చిన ఆకుకూర కాడలు, పాచి పట్టిన నీళ్లు, ఎంత తోమినా చేతులకు వదలని నీచు వాసన, వీటితోనే గడిచిపోయింది బతుకు. ఇళ్లల్లో తాబేళ్లను పెంచకూడదని ఇప్పుడు చట్టం ఉందట. మంచిదే. చివరిదాన్ని మొన్న జూ వాళ్లకు అప్పగించి వచ్చాను. ఖాళీ తొట్టిని ఇంకా ఎందుకు కడుగుతున్నానో నాకే తెలియదు.

ఈ పిచ్చి ఎప్పుడు పట్టుకుందని అందరూ అడుగుతారు. చిన్నప్పటి నుంచీ ఇష్టమని చెప్పి తప్పించుకుంటాను. అది అబద్ధం కాదు, కానీ అంతే అయితే బాగుండేది.

బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి పక్కనే ఖాలా ఇల్లు. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని; హిందువులూ ముసల్మానులూ అని లేదు, గల్లీలో అందరికీ ఆమె ఖాలాయే. భర్త పోయాక బొంతలు కుట్టుకుంటూ ఒక్కతే బతికేది. తిట్టాలంటే మాత్రం ఉర్దూ చాలక తెలుగులోకి దిగేది. నేను పుట్టినప్పుడు మంత్రసాని వచ్చేదాకా మా అమ్మ చెయ్యి వదలకుండా కూర్చున్నది ఆమేనట.

ఖాలా వాకిట్లో చేదబావి ఉండేది. నల్లా నీళ్లు రాని రోజు గల్లీకంతా అదే దిక్కు. పురుగులను తినేసి నీళ్లను తేటగా ఉంచుతుందని మా వైపు బావుల్లో తాబేలును వదులుతారు. ఆ బావిలోనూ ఒకటి ఉండేది. చేదను గట్టుకేసి టకటకా కొట్టి నాలుగు మెతుకులు విసిరితే నల్లటి మూతి పైకి తేలేది. బడికి వెళ్లే ముందు నా మొదటి పని అదే.

"నీ దోస్తు లేచిందా? ఇగ తెల్లారినట్టే" అని ఖాలా ఏడిపించేది.

పోలీస్ యాక్షన్ రోజులొచ్చాయి. నిజాం మీదికి ఇండియా సైన్యం వస్తోందని ఒకరు, వచ్చేసిందని ఇంకొకరు. దుకాణాలు మూసేశారు. నల్లా ఆగిపోయింది. పుకార్లు మాత్రం ఆగలేదు. బావుల్లో విషం కలుపుతున్నారన్నది వాటిలో ఒకటి. ఎవరు కలుపుతున్నారంటే హిందువుల ఇళ్లలో ఒకలా, ముసల్మానుల ఇళ్లలో ఇంకోలా చెప్పుకునేవారు.

ఇంట్లో నీళ్లు అడుగంటాయి. తమ్ముడు దాహమని ఏడుస్తుంటే అమ్మ బిందె తీసుకుని నన్ను వెంటబెట్టుకుని ఖాలా ఇంటికి బయలుదేరింది. వాకిట్లో అప్పటికే ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. ఒక్కరూ చేద వేయడం లేదు. అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"తాబేలును పిలువు. అది పైకొస్తె నీళ్లు మంచిగున్నట్టే."

అందరూ దానికోసమే చూస్తున్నారు. నేను చేదతో గట్టు మీద కొట్టాను. మెతుకులు విసిరాను. అవి నీళ్ల మీద అలాగే తేలుతున్నాయి. అన్ని తలలు ఒక్కసారే లోపలికి తొంగి చూస్తే ఏ తాబేలు మాత్రం వస్తుంది? ఇప్పుడు తెలుసు ఆ సంగతి. అప్పుడు ఏడుపొచ్చింది.

చేతిలో సూదితోనే ఖాలా బయటికి వచ్చింది. "ఏందమ్మా, గట్ల నిలబడ్డరు? తోడుకుంటలేరేంది?"

ఆడవాళ్లు బిందెలను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నారు.

"తాబేలు కనబడ్తలేదు ఖాలా" అన్నాను నేను.

ఆమె నన్ను చూసింది. బావిని చూసింది, ఖాళీ బిందెలను చూసింది. చివరికి మా అమ్మను చూసింది. అమ్మ తల దించుకుంది. ఖాలా సూదిని కొంగుకు గుచ్చుకుని, చేద వేసి నీళ్లు తోడింది. దోసిట్లో పోసుకుని, మోచేతుల మీదుగా కారిపోతుంటే తాగింది. మళ్లీ తాగింది.

"సూడుండ్రి. నేను సచ్చేదాంక నిలబడ్తరా, తోడుకపోతరా?"

తోడుకున్నారు. తలెత్తినవాళ్లు లేరు. ఇంటికి రాగానే తమ్ముడు చెంబెత్తి గటగటా తాగాడు. అమ్మ మాత్రం గడప మీదే కూర్చుండిపోయింది.

మర్నాడు తాబేలు ఏమీ ఎరగనట్టు పైకి తేలింది. నేను ఎగిరి గంతేసి కేకలు పెట్టాను. ఖాలా నవ్వలేదు. చేదను మెల్లగా దాని కిందికి పోనిచ్చి పైకి లాగి, తాబేలును నా చేతుల్లో పెట్టింది.

"దీన్ని నువ్వే తీస్కపో బిడ్డా. దీని పని ఇగ నేను చేస్త."

తాబేలు నాదైందన్న సంబరంలో ఆ మాట నాకు ఎక్కనేలేదు. ఇంట్లో గంగాళంలో వేసి పెంచాను. నా తాబేళ్లలో అదే మొదటిది. ఒకటి పోతే ఇంకొకటి తెచ్చుకుంటూ ఇన్నేళ్లు లాక్కొచ్చాను. ఎవరి రుణం తీర్చుకుంటున్నానో తెలియని చాకిరీ.

సైన్యం వచ్చింది. గల్లీలో ఎవరికీ ఏమీ కాలేదు. దుకాణాలు తెరిచారు. నల్లా వచ్చింది, మళ్లీ మామూలుగానే వస్తూ పోతూ ఉండేది. అది రాని రోజు మేం బిందెలతో వెళ్తే ఖాలా కుట్టుపని పక్కన పెట్టి లేచేది. మొదటి చేద తానే తోడి, అందరి ముందూ దోసెడు నీళ్లు తాగి లోపలికి వెళ్లేది. బతికున్నన్నాళ్లూ అలాగే చేసింది. తాగమని ఆమెను ఎవరూ అడగలేదు. వద్దని మా అమ్మ కూడా అనలేదు. ఆమె తాగేదాకా ఆగి, అప్పుడు మేం చేద అందుకునేవాళ్లం.