బాపు పడవ ఎక్కాలంటే అడగాలి

మా బాపు గోదావరి మీద పడవ నడిపేవాడు, భూపాలపల్లి అవతల మా ఊరి రేవులో. ఆయనది ఒకటే చట్టం. పడవ అంచు పలకను ముట్టుకుని, కళ్లకద్దుకుని, "ఎక్కాల్నా?" అని అడగాలి. ఆయన ఊ అంటేనే కాలు పెట్టాలి. ఒకసారి అడగకుండా ఎక్కబోయిన సర్పంచిని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబెట్టాడు. ఈ మనిషికి ఇంత పొగరేందని అమ్మ తల పట్టుకుంది. నాకు మాత్రం ఆ రోజు బాపును మించినవాడు లోకంలో లేడు.

తర్వాత వంతెన వచ్చింది. పడవ మా వాకిట్లోకి చేరింది. తొర్రూరు నుంచి పుట్టింటికి వెళ్లినప్పుడు ఒకసారి నేను అడగకుండానే అందులో కూర్చుని చిక్కుడుకాయలు తుంచాను. బాపు చూశాడు. తిడతాడనుకున్నాను. ఏమీ అనకుండా లోపలికి పోయాడు. తిట్టినా బాగుండేది, పాడు నోరు అప్పుడే మూతబడాలా!

మొన్న ఫోన్‌లో చెప్పాడు, పడవను కట్టెల అడితికి ఇచ్చేస్తున్నానని, ఆదివారం వచ్చి పలకలు ఊడదీసుకుపోతారని. నాకు ఆ పూట ముద్ద దిగలేదు.

సరుకుల ఓడలో పనిచేసే నా బిడ్డ అప్పుడే సెలవుకు వచ్చింది. ఓడ ఎక్కేముందు "పర్మిషన్ టు కమ్ అబోర్డ్" అని అడగడం వాళ్ల పాత మర్యాదట. అందులో బోర్డంటే వెనకటి ఓడల పక్క పలకేనట. ఓడలు ఇనుపవైనా ఆ మాట పోలేదట. ఇంత దూరం పోయి నేర్చుకుంది మీ తాత చట్టమేనే అని నవ్వబోయి ఏడ్చాను.

శనివారం ఇద్దరం బస్సెక్కాం. బాపు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. నా బిడ్డ చెప్పులు విడిచి, వంగి, పలకను ముట్టుకుని కళ్లకద్దుకుంది.

"తాతా, ఎక్కాల్నా?"

బాపు మెల్లగా లేచి వచ్చి, మట్టిలో కూరుకుపోయిన ఆ పడవను నీళ్లలో ఊగుతున్నదాన్ని ఆపినట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇగ ఎక్కు, బిడ్డా."

అది ఎక్కి కూర్చుంది. బాపు నావైపు తిరిగాడు.

"నువ్వు అడుగవా?"

పలకను ముట్టుకుని, కళ్లకద్దుకుని అడిగేదాకా నన్ను ఎక్కనివ్వలేదు. మర్నాడు అడితి ఆయన ఉత్త చేతులతో పోయాడు. అడగకుండా పలక మీద చెయ్యి వేశాడట.