చెన్నై చేరాల్సిన నడవని కారు

2006లో నేను గ్రేటర్ నోయిడాలో ఒక బాడీ బిల్డింగ్ కంపెనీలో డిస్పాచ్ ఇన్‌చార్జిగా ఉన్నాను. మూడు చక్రాల బళ్ళకు బాడీలు కట్టి దేశమంతా పంపే షెడ్డు అది. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా అనుకోకండి. మెటీరియల్స్ మేనేజరు కింద నేను, నా కింద ఎవరూ లేరు. సరుకు మా గేటు దాటిన దగ్గర్నుంచి అవతలివాడు సంతకం పెట్టి దించుకునేదాకా దాని మంచిచెడ్డలు నావి. బాపట్ల దగ్గర తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు పాత పేపర్లు చదివి నేర్చుకున్నాను, హిందీ లారీ ఆఫీసుల్లో తిట్లు తిని నేర్చుకున్నాను. నా భార్య సువార్త ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆవిడ ఉద్యోగం వల్లే మేము మయూర్ విహార్‌లో కాపురం పెట్టాం.

ఆ చలికాలం నాకు అప్పజెప్పిన పని వినడానికి చాలా చిన్నది. చెన్నైలో జరిగే వాహనాల ప్రదర్శనకు మా కంపెనీ తయారుచేసిన మొదటి కారును చేర్చాలి. మూడు చక్రాల బాడీలకు గిరాకీ పడిపోయి అప్పటికే ఒక షిఫ్టు మూసేశారు. బ్యాటరీ కారు ఒకటి తయారుచేద్దామని మా యజమాని పూనుకున్నాడు. కోయంబత్తూరు నుంచి పెట్టుబడి పెట్టేవాళ్ళు ప్రదర్శన మొదటిరోజు వచ్చి ఆ కారును చూస్తామన్నారు. చూసి నచ్చితే షెడ్డు నిలబడుతుంది. కారు అక్కడ లేకపోయినా, పగిలిపోయి చేరినా, షెడ్డుకు తాళమే. ఈ సంగతి గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు.

మా మేనేజరు మెహతా సాబ్ నన్ను పిలిచి, కారే కదా, కార్లు మోసే లారీ, కార్ క్యారియర్ ఒకటి మాట్లాడెయ్ అన్నాడు. అంతటితో ఆయన పని అయిపోయింది.

నేను ముందు కారును చూద్దామని డిజైన్ గదికి వెళ్ళాను. దాన్ని తయారుచేసిన ఇంజనీరు శైలజ వరంగల్ అమ్మాయి. నన్ను అంకుల్ అని పిలిచేది. ఎర్రగా నిగనిగలాడుతున్న కారు. దీన్ని నడిపి క్యారియర్ ఎక్కించడానికి డ్రైవరెవరని అడిగాను. ఆమె నవ్వింది.

"నడుపుడు గిడుపుడు లేదంకుల్. ఇది కారు గాదు, కారు లెక్క కనబడే బొమ్మ. లోపల ఇంజన్ లేదు, మోటార్ లేదు, బ్యాటరీ గూడ లేదు. స్టీరింగ్ ఉత్తగ తిరుగుతది."

నాకు ఒళ్ళు మండింది. నడవని దానికి కారని పేరెందుకమ్మా, ఇంతమంది పొట్టలు దీని మీద పెట్టారా అన్నాను. ఆమె కోపం తెచ్చుకోకుండా వివరించింది. ప్రదర్శనల్లో పెట్టే వాటిలో ఇలాంటివి చాలానే ఉంటాయట. ఇనప చట్రం మీద ఫైబర్ చిప్ప, దాని మీద పుట్టీ, దాని మీద రంగు. రూపం నచ్చి డబ్బు వస్తే అప్పుడు లోపలివి తయారుచేస్తారు. దీని పొట్టకీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళ సందు మాత్రమే ఉంది. నిటారు దారి మీద ఎక్కిస్తే పొట్ట రాసుకుంటుంది, బెల్టులు వేసి ఎత్తితే పక్కలు నొక్కుకుపోతాయి, దారిలో ఎగిరెగిరి పడితే పుట్టీ బీటలు వారుతుంది. అంటే ట్రైలర్‌కు రెండు గుణాలుండాలి. ఎక్కే దారి వాలు బాగా తక్కువగా ఉండాలి, స్ప్రింగులు మెత్తగా ఉండాలి.

ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తీసిపారేయదగ్గది లేదు. నా కోపం అప్పటికి మెహతా మీదకు మళ్ళింది.

శైలజ నాకొక సాధనం చేయించి ఇచ్చింది. కారు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఎంత దూరముందో అంత పొడుగున్న చెక్క చట్రం. దానికి నాలుగు చిన్న చక్రాలు, కింద నాలుగు వేళ్ళ సందు. ఏ ట్రైలర్ ర్యాంపు మీదైనా దీన్ని తోసి చూస్తే కారు ఎక్కుతుందో లేదో తేలిపోతుంది. దాన్ని టెంపోలో వేసుకుని ట్రాన్స్‌పోర్ట్ నగర్ అంతా తిరిగాను. నన్ను చూసి లోడింగ్ కూలీలు పని ఆపి, తావూజీ అంటే పెదనాన్నా అని పిలిచి ఆటపట్టించేవాళ్ళు.

"తావూజీ, మంచం మోసుకొచ్చావేంటి? పడక ఇక్కడేనా?"

"పరుపు వెనకాల వస్తోందా, భయ్యా?"

నేనూ ఊరుకోలేదు. పడుకునేది నేను కాదు, మీ మాటలు నమ్మితే పడుకునేది మా కంపెనీ అన్నాను. కానీ ప్రతి చోటా జరిగింది ఒకటే. ర్యాంపు అయిపోయి సరుకు పెట్టే బల్ల, అంటే డెక్కు, మొదలయ్యే అంచు మీద చట్రం పొట్ట ఆనుకుని ఆగిపోయేది. అయినా ఏ ఒక్కడూ కుదరదని చెప్పడు! అడిగిన ప్రతివాడూ "హో జాయేగా, అంకుల్‌జీ" అనేవాడే. ఎలా అవుతుందయ్యా అంటే, రేపు మనిషిని పంపుతాం అనేవాడు. ఢిల్లీలో పాతికేళ్ళ పైన ఉన్నాను. ఆ రెండు మాటల వల్ల పాడైపోయిన సరుకు ఇంత అంత కాదు.

ఫోర్క్‌లిఫ్ట్‌తో కింది నుంచి ఎత్తి పెట్టేస్తే ఎక్కే బాధ తప్పుతుందని ఒకతను అన్నాడు. నిజమే. కానీ దారి బాధ మిగిలే ఉంటుంది. పాతిక టన్నులు మోయడానికి కట్టిన ట్రైలర్ మీద టన్ను కూడా లేని బరువు పెడితే దాని పట్టీ స్ప్రింగులు వంగనే వంగవు. చక్రం గుంటలో పడ్డప్పుడల్లా డెక్కు రాయిలా ఎగురుతుంది. అందుకే తేలిక సరుకు వేసినప్పుడు ఇసుక బస్తాలు కూడా వేసి స్ప్రింగుల్ని అణుస్తారు. అణిగినా అవి ఇనప పట్టీలే కదంకుల్, నాగపూర్ దాకా గూడ పుట్టీ ఆగదు అని శైలజ తేల్చేసింది.

నేనిలా తిరుగుతుండగానే మెహతా సాబ్ ఒక కార్ క్యారియర్ పిలిపించేశాడు. అది ఉదయాన్నే షెడ్డు ముందుకొచ్చి నిలబడింది. యజమాని కూడా వచ్చాడు. ఎక్కించు అన్నాడు మెహతా. ఎక్కించను అన్నాను. నా సర్వీసులో పై అధికారికి ఎదురు చెప్పిన సందర్భాలు లెక్కకు మిక్కిలి, కానీ యజమాని ముందు చెప్పడం అదే మొదలు.

"నువ్వు క్లర్కువి. నిర్ణయం నీది కాదు," అన్నాడు మెహతా.

"నిర్ణయం మీదే సాబ్. ఎక్కించమని కాగితం మీద రాసివ్వండి, ఇప్పుడే ఎక్కిస్తా," అన్నాను.

ఆయన రాయలేదు. నేను చట్రాన్ని ర్యాంపు మీదకు తోశాను. అంచు దగ్గర కర్ర కీచుమని ఆగింది. యజమాని దగ్గరకొచ్చి, ఆనిన చోట వేలు పెట్టి చూసి, క్యారియర్‌ని పంపించేయమన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అచ్ఛా, మరి నీ దగ్గర ఏముంది?" అని అడిగాడు. నా దగ్గర ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను. ప్రదర్శన ఇంకో రెండు వారాల్లో ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెహతాని, ట్రాన్స్‌పోర్ట్ నగర్‌ని, ఫైబర్ కనిపెట్టినవాణ్ణి వరసగా తిడుతున్నాను. సువార్త పప్పు వడ్డిస్తూ, మెత్తగా తీసుకుపోయే లారీయే కావాలంటే మా ఆసుపత్రికి వచ్చినదాన్ని అడక్కూడదా అంది.

"ఏ లారీ?"

"మొన్న కొత్త స్కానింగ్ మిషను దించారుగా, ఆ లారీ. ఆగగానే బుస్సుమని గాలి వదిలి, ఒంటె కూర్చున్నట్టు కింద కూర్చుందండీ."

"లారీ కూర్చోవడమేంటే?"

"అదేగా, మీకు చెబితే నమ్మరు. మా వార్డు అమ్మాయిలందరం కిటికీలోంచి చూశాం. లారీ కూర్చుంది, మిషను దిగింది, మళ్ళీ లేచి నిలబడి వెళ్ళిపోయింది. నర్సులకి లారీల గురించేం తెలుసులే అనుకుంటే తినేసి పడుకోండి."

పడుకోలేదు. దాన్ని ఎయిర్ సస్పెన్షన్ అంటారని నేను చదివి ఉన్నాను. పట్టీ స్ప్రింగుల బదులు గాలి తిత్తులుంటాయి. బరువును బట్టి గాలి సర్దుకుంటుంది కాబట్టి తేలిక సరుకైనా కుదుపు ఉండదు. గాలి వదిలితే డెక్కు దిగుతుంది, ర్యాంపు వాలు తగ్గిపోతుంది. చదివానే గానీ అలాంటిది ఢిల్లీలో తిరుగుతోందని నాకు తెలియదు.

మర్నాడు ఆసుపత్రి మెయింటెనెన్స్ వాళ్ళని పట్టుకుంటే ఆ ట్రైలర్ మహిపాల్‌పూర్‌లో ఒక చౌధరీదని తెలిసింది. వెళ్ళాను. హుక్కా పీలుస్తూ కూర్చున్న హర్యానా మనిషి. బెంగళూరు దగ్గర తయారైన ఆసుపత్రి మిషన్లను ఉత్తరాదికి తెస్తాడు. తిరిగి ఏం తీసుకెళ్తారని అడిగాను.

"గాలి," అన్నాడు.

నేను కుర్చీలో ముందుకు జరిగాను. మా వృత్తిలో తిరుగు లోడు లేకుండా బండి పోవడమంటే పాపం కిందే లెక్క. ఇతను ఇక్కణ్ణుంచి దక్షిణాదికి ప్రతిసారీ ఖాళీగా పోతున్నాడు, బెంగళూరు పోయేవాడికి చెన్నై కాస్త చుట్టే. కారు సంగతి చెప్పాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. మిషన్ల కంపెనీతో ఒప్పందం అట. వాళ్ళ అనుమతి లేకుండా డెక్కు మీద వేరే సరుకు పడకూడదు, నూనె మరక పడకూడదు, గ్రీజు వాసన రాకూడదు.

"కారంటే నూనె. నూనె అంటే నా కాంట్రాక్టు పాయె. చాయ్ తాగి వెళ్ళు, తావూ."

"ఇందులో నూనె చుక్క లేదు చౌధరీ సాబ్. ఇంజనే లేదు."

హుక్కా గొట్టం నోట్లోంచి తీశాడు. "ఇంజన్ లేదా? మరి మీరు అమ్మేదేంటయ్యా?"

"తలుపులు," అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. శైలజను తిట్టిపోసిన కారణమే ఇప్పుడు నా చేతిలో ఉన్న ఒకే ఒక్క వాదన. దాన్ని వదల్లేదు. ఒప్పుకోవాల్సింది తను కాదు, మిషన్ల కంపెనీ అన్నాడు. అయితే వాళ్ళ మనిషినే పంపండి, వచ్చి చూడమనండి, లేకపోతే రేపు మళ్ళీ ఇక్కడే కూర్చుంటాను అన్నాను. మర్నాడు నిజంగానే వెళ్ళి కూర్చున్నాను. ఆ తర్వాతి రోజు కూడా. మూడో చాయ్ పోయించడం కన్నా ఫోన్ చేయడమే నయమనుకున్నాడేమో, చేశాడు.

ఆ కంపెనీ ఇన్‌స్పెక్టర్ షెడ్డుకొచ్చాడు. కోటు విప్పి, అట్ట పరిపించుకుని, కారు పక్కన వెల్లకిలా పడుకున్నాడు. తెల్ల గుడ్డ ఒకటి చేతికి చుట్టుకుని పొట్ట కింద చెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచాడు. షెడ్డులో వెల్డింగ్ ఆగిపోయింది. గుడ్డ బయటకు తీసి వెలుతురులో తిప్పి చూశాడు. కాస్త తెల్ల పొడి తప్ప ఏమీ లేదు. అది ఫైబర్ దుమ్మని శైలజ చెప్పింది. కింద మొత్తం ప్లాస్టిక్ షీటు చుట్టి తెస్తే తనకు అభ్యంతరం లేదని ఆయన రాసిచ్చి వెళ్ళాడు.

ట్రైలర్ వచ్చిన రోజు ముందు నా చట్రాన్నే తోశాను. ట్రైలర్ బుస్సుమని కూర్చుంది, ర్యాంపుకు పొడుగు పలకలు తగిలించాం, చట్రం అంచు దాటి డెక్కు మీదకు పోయింది. తర్వాత కారును చేతులతో తోసి ఎక్కించాం. చక్రాలు పక్కకు తిప్పలేం కాబట్టి గీత గీసినట్టు తిన్నగా తోయాలి. పట్టీలు బాడీ మీద నుంచి కాకుండా కారు కింది ఇనప చట్రానికి శైలజ చూపించిన చోట్లే కట్టాం. నేను క్యాబిన్‌లో ఎక్కాను. వెళ్ళమని నన్నెవరూ అడగలేదు. కాని అప్పగించిన సరుకు మధ్యలో వదిలేయడం నాకు చేతకాదు.

దారిలో ఒకే చిక్కు వచ్చింది. ఒక చెక్‌పోస్టులో అధికారి ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు చెప్పమన్నాడు. లేవన్నాను. నంబరు లేని కారు దొంగ కారు అన్నాడు. చలానాలో 'ఫైబర్ నమూనా, అమ్మకానికి కాదు' అని రాసి ఉన్నా నమ్మలేదు. వెనక్కి తీసుకెళ్ళి బానెట్ ఎత్తి చూపించాను. లోపల కింది ప్లాస్టిక్ షీటు కనిపించింది. ఇలాంటిది దొంగిలించేవాడెవడని తనే విసుక్కుని ముద్ర వేశాడు.

చెన్నైలో కారు దింపాక, ముందే అక్కడికి చేరిన శైలజ దాని చుట్టూ టార్చిలైటు పట్టుకుని తిరిగింది. రంగు మీద ఎక్కడా గీత పడలేదు. కోయంబత్తూరువాళ్ళు మొదటిరోజే వచ్చారు. తలుపులు తీసి చూశారు, లోపల కూర్చున్నారు, లేచి మళ్ళీ చుట్టూ తిరిగారు. నెల తిరిగేసరికి ఒప్పందం కుదిరింది. మూసిన షిఫ్టు తెరిచారు. నడిచే కారు రావడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది, అది అసలు ఈ ఎర్ర కారులా లేనే లేదు.

మెహతా సాబ్ వేసిన సర్క్యులర్‌లో రవాణా ఏర్పాట్లు చక్కగా జరిగాయని ఒక వాక్యం ఉంది. ఎవరు చేశారో లేదు. నా పేరు కోసం చూడలేదంటే అబద్ధం. సువార్త పేరు ఎలాగూ ఉండదు.

ఈ పని నుంచి నేర్చుకున్నవి రెండు. సరుకు పేరు విని బండి మాట్లాడకూడదు. కారనే మాట పట్టుకుని మెహతా క్యారియర్ తెప్పించాడు, అదే మాట పట్టుకుని చౌధరీ కాదన్నాడు, నేనూ అదే మాట పట్టుకుని శైలజ మీద ఎగిరాను. లోపల ఏముంది, ఎంత కుదుపు ఓర్చుకుంటుంది, ఎక్కడ ముట్టుకోవచ్చు, ఎక్కడ ముట్టుకోకూడదు అనేవి ముందు తెలియాలి. రెండోది, మన ఊళ్ళో ఎవరి దగ్గర బండి ఉందని వెతకడం కన్నా, మనం పోవాల్సిన వైపు ఎవరు ఖాళీగా పోతున్నారో కనుక్కోవాలి. రిటైరయ్యేదాకా ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరక్కుండా నేను ఒక్క లారీని కూడా గేటు లోపలికి రానివ్వలేదు.