చీనా వెండి మీది ముసలాయన

జిన్నులంటే మా ఇంట్లో అందరికీ భయమే. నాకు మాత్రం ఏనాడూ నమ్మకం లేదు. విశాఖ పాతనగరంలో మాది వెండి పని చేసే కొట్టు. కంటికి కనిపించి, చేతికి తగిలేదే నాకు నిజం.

ఎనభైల మొదట్లో సంగతి. జాలరిపేట అప్పన్న నా చిన్ననాటి స్నేహితుడు, వరస కలిపి నన్ను బావా అనేవాడు. వాళ్ళ తాత రంగూన్ రేవులో పనిచేసి తెచ్చుకున్న చీనా వెండి నాణెం ఒకటి వాళ్ళింట్లో ఉండేది. ఒకవైపు పొడుగాటి తలకాయ, గడ్డం, చేతికర్రతో ఒక ముసలాయన. రెండోవైపు మూడు కాళ్ళ పాత్ర. అక్కడక్కడా చిన్న ముద్రలు.

ఊళ్ళో పళ్ళ వైద్యం చేసే చీనా పెద్దాయన ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. పూర్వం వాళ్ళ దేశంలో వెండిని ముద్దలుగా తూచి ఇచ్చేవారట. సొంతంగా గుండ్రటి నాణేలు వెయ్యడం మొదలైన రోజుల్లో, తైవాన్ దీవిలో సిపాయిల జీతాలకని వేసిన నాణెమట ఇది. ముద్రలు వెండిని పరీక్షించిన షావుకార్లవట. ఇప్పుడు ఎక్కడో గాని దొరకదన్నాడు. ముసలాయన నిండు ఆయుష్షు ఇచ్చే దేవుడని కూడా చెప్పాడు.

అప్పన్న మనసులో ఆ చివరి మాటే నిలిచిపోయింది.

ఆ వానాకాలం అతని ఒక్కగానొక్క కూతురు నూకరత్నానికి మెదడువాపు జ్వరం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళి, ఆ నాణెం పట్టుకుని నా కొట్టుకి పరుగెత్తుకొచ్చాడు.

"బావా, దీనికో రింగు అతికించీ. పాప మెళ్ళో కడతాను. డాక్టరు ఏటీ సెప్పట్లేదు."

అతికించాక, అలవాటు కొద్దీ తూచాను. ఆసుపత్రికి వెళ్ళి, అప్పన్న భార్య పైడమ్మ చూస్తుండగా నల్లదారంతో నేనే కట్టాను. అప్పటికి ముసలాయన గడ్డంలో గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల కళ్ళు తెరిచింది. మా ప్రాణాలు లేచొచ్చాయి.

"అయ్యా, తాత లేసి ఎల్లిపోతన్నాడు," అంది.

"ఏ తాతే?" అన్నాడు అప్పన్న.

పిల్ల మళ్ళీ కళ్ళు మూసేసుకుంది. పొద్దు గూకకముందే పోయింది.

దారం విప్పింది నేనే. నాణెం మీద ముసలాయన లేడు. అటువైపు వెండి నున్నగా, పలకలా ఉంది. వెనక పాత్ర ఉంది, ముద్రలున్నాయి. ఎవరైనా మార్చారా అంటే, రింగు అతుకు నా చేతిదే. కొట్టుకి తెచ్చి తూచాను. బొమ్మను అరగదీస్తే బరువు తగ్గాలి. వీసమెత్తు తగ్గలేదు.

అప్పన్న దాన్ని బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు.

"ఆడు పాపతోటి ఎల్లాడేటి, బావా? నేకపోతే దాన్నొగ్గేసి పారిపోనాడా?"

అతను మళ్ళీ వేటకి పడవెక్కలేదు. నేను కనిపించినప్పుడల్లా అదే అడిగేవాడు. అడిగి అడిగి, రెండు వానాకాలాలు తిరక్కుండానే అతనూ పోయాడు.

పైడమ్మ ఫిషింగ్ హార్బరు దగ్గర చేపలమ్మేది. నన్ను చూస్తే తల తిప్పుకునేది. అతుకు పెట్టేటప్పుడు నా నిప్పే దేవుణ్ణి కాల్చేసిందని ఆమె అందరితో అనేదట. మెడలో కట్టినప్పుడు బొమ్మ ఉందని ఆమెకూ తెలుసు. అయినా నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. చెబితే, అది కాకపోతే మరేమిటని ఆమె అడుగుతుందని నా భయం.